చేతులు మండిన సాయంత్రం

పక్కింటి అమ్మాయి గుంటూరు ఆసుపత్రి నుంచి బిడ్డని తెచ్చుకున్న రోజు నేను పిట్టగోడ ఇవతల నిలబడి వాసన పట్టి చూశాను, బాలింతకి పట్టే వాము పొగ వచ్చిద్దేమోనని. రాలేదు. ఫినాయిలు వాసనా, పిల్లలకి రాసే పౌడరు వాసనా వచ్చినయ్, వాటి వెనకాల ఊరి చుట్టూ కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు వచ్చింది. తప్పని నేననను. ఆ పొగకి పసిబిడ్డకి ఊపిరాడదని మా అంగన్వాడీలో గర్భిణీలకి పాఠాలు చెప్పే నర్సమ్మ చెప్పింది, నిజమే అనిపించింది. ఆ నర్సమ్మే మొన్న నన్ను అడిగింది, "మామ్మా, మీ చిన్నప్పుడు పురుళ్లు ఎట్టా జరిగేవి? మేం ఈ పిల్లలకి ఇంకేం చెబితే బాగుంటుంది?" అని. మా ఆయన పోయాక నన్ను సీమంతాలకీ పేరంటాలకీ ఎవరూ పిలవరు. కడుపుతో ఉన్న పిల్లల మధ్య కూర్చోమని నాకు కుర్చీ వేసింది ఆ అమ్మే. అందుకని నేను చెబుతున్నా, ఆమె రాస్తోంది. నాకు చెప్పడం చేతనైంది ఒక్కటే, మా అక్క పురుడు.

మాది తాటాకు ఇల్లు. వెనక వసారా చివర ఒక గది ఉండేది, ఏడాదంతా అందులో పత్తి పోసేవాళ్లు, గింజల జిడ్డు వాసన గోడలకే పట్టి ఉండేది, తలుపు తీస్తే దూది పోగులు వెలుగులో తేలుతూ మా జుట్టుకి అంటుకునేవి. ఇంట్లో పురుడు రాబోతుందంటే ఆ పత్తంతా తీసేసి, పేడతో అలికి, సున్నం కొట్టి, నులకమంచం వేసి, పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన బొంతలు పరిచేవాళ్లు. మా అక్క తొలిచూలికి పుట్టింటికొచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. అక్క మహా గలాటా మనిషి. నిండు పొట్టతో కూడా వీధరుగు మీద కూర్చుని నాతో వామనగుంటలు ఆడేది, నేను అటు చూస్తే చింతపిక్కలు దాచేసేది, పట్టుకుంటే "నా కడుపులో పిల్ల తీసుకుందే, నేను కాదు" అని పకపకా నవ్వేది. కడుపు చల్లగా ఉండాలని అమ్మ చేసిన చలిమిడి, కొబ్బరి ముక్కలు నెయ్యిలో వేయించి వేసింది, డబ్బా అడుగంటా ఇద్దరం గోకి తిన్నాం.

మిరపకోతలు మొదలైన రోజుల్లో అక్కకి నొప్పులొచ్చినయ్. నన్ను కల్లంలోకి తరిమారు. నేనక్కడ ఎండిన కాయలు చెవి దగ్గర ఊపుకుంటూ గింజల గలగల వింటూ కూర్చున్నా, అక్క కేకలు వినపడకుండా. తిరిగొచ్చేసరికి ఆడపిల్ల.

అప్పటి పద్ధతులు ఇప్పుడు తలుచుకుంటే గుండె చెరువవుతుంది. అక్కకి వచ్చిన ముర్రుపాలు మంచివి కావని పిండించి గోడవార పారబోయించారు. పిల్లకి ఆముదం నాకించారు, ఉగ్గుగిన్నెతో పంచదార నీళ్లు పట్టారు. అక్కకి పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, శొంఠీ బెల్లం నెయ్యి కలిపి ఉడికించిన కాయం ముద్ద. దాహమంటే మాత్రం నీళ్లు ఇచ్చేవాళ్లు కాదు, నాలుక తడిపి వదిలేవాళ్లు. ముర్రుపాలే బిడ్డకి మొదటి మందని నర్సమ్మ చెబుతుంటే నాకు ఆ గోడవార తడిసిన నేల కళ్లముందుకొస్తుంది. పంచదార నీళ్లకి అలవాటైన పిల్ల ఆ తర్వాత రొమ్ము పట్టలేదు. పట్టించబోతే గింజుకుని ఏడ్చేది, అక్కకి పాలు గడ్డలు కట్టి జ్వరం కాసింది.

బాలింతని ఒంటరిగా ఉంచకూడదు, గాలి సోకుద్దంటారు. అందుకని అక్క దిండు కింద కొడవలి, గుమ్మంలో పాత చెప్పూ చీపురూ పెట్టారు, వాటితో పాటు నన్నూ పెట్టారు. ఇంట్లో అందరికీ పనే కాబట్టి పొద్దస్తమానం తోడు నేను. పొద్దున్నే పత్తికట్టె మంట మీద కాగు పెట్టేవాళ్లు, మిరపకట్టె మాత్రం ఆ పొయ్యిలో పెట్టనిచ్చేవాళ్లు కాదు, దాని పొగ ఊరిని లేపుద్ది. నాయనమ్మ పీట మీద కాళ్లు చాపుకుని, పిల్లని కాళ్ల మీద బోర్లా వేసుకుని, వెన్నా సున్నిపిండీ రుద్ది నీళ్లు పోసేది. అమ్మ తుడిచి, సాంబ్రాణి పట్టి, కాటుక దిద్దేది. అంతా అయ్యాక అక్క చేతులు చాపితే, "ఉండవే, మెడ నిలవదు, నీకు చేతకాదు, ఇటు తే," అని ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు తీసుకునేవాళ్లు. చూడొచ్చిన వాళ్లు కూడా అంతే. "మేం కనలేదా? పొలంలో కని, బొడ్డు కోసుకుని, మళ్లీ కలుపు తియ్యడానికొచ్చాం. పాలివ్వడం కూడా రాని దాన్ని నిన్నే చూస్తున్నాం," అనేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. అదే ముద్దనుకునేవాళ్లు.

అక్క చేతులు చాపడం మానేసింది. తర్వాత మాట మానేసింది. గోడకి తిరిగి పడుకుని, ఏడుపు చప్పుడు కూడా లేకుండా, దిండు తడిసేట్టు కన్నీళ్లు కార్చేది. నేను వామనగుంటల పీట తెచ్చి పక్కన పెడితే చూడలేదు. గాలే సోకిందని మెడలో తాడు కట్టించారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అది నన్ను చూసే ఏడుస్తుంది చిట్టీ. నేనంటే గిట్టదు దానికి," అంది. చిన్నదాన్ని, నాకు తోచింది చేశా, తడిసిన దిండు తిరగేసి పెట్టా. పిల్ల మాత్రం రోజురోజుకీ వాడిపోతోంది, దాని తొడల మీద చర్మం ముడతలు పడుతోంది. ఆ ముడతలు చూసి అమ్మ పిల్లని ఇంకా గట్టిగా పట్టుకునేది, అక్కకి ఇంకా ఇచ్చేది కాదు.

అట్టాంటప్పుడు వానొచ్చింది. మబ్బు లేదు, ఏం లేదు, నడిమధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి ఒక్కసారి కమ్ముకొచ్చింది. కాయ తడిస్తే తెల్లబారి తాలవుద్ది, ఏడాది కష్టం పోద్ది, అందుకని ఊరంతా కల్లాల మీద పడింది. "చిట్టీ, నువ్వూ రా, గంప పట్టు," అని అమ్మ కేకేసింది. నేను తోడు వదిలిపెట్టి పరిగెత్తా. నాన్నా, అమ్మా, నాయనమ్మా, నేనూ చేతులతో, మోచేతులతో కాయలు పోగు చేసి, పట్టాలు కప్పి, బస్తాలకెత్తాం. తడి కాయ చిట్లితే ఆ మంట ఎట్టా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. ఇంటికొచ్చేసరికి మా చేతులు భగభగా కాలుతున్నాయి, కొనగోళ్లలో నిప్పు పెట్టినట్టుంది.

సందు మొదట్లోకే పిల్ల ఏడుపు వినపడింది. అమ్మ పరుగున పోయింది. గుమ్మం దాటి, చేతులు చాచి, అట్టాగే ఆగిపోయింది.

వెనకే వచ్చిన నాయనమ్మ, "ముట్టుకునేవు. ఈ చేతుల్తో ఎత్తావంటే పిల్లకి ఊరగాయ పెట్టినట్టే," అంది.

మజ్జిగ తెచ్చి పళ్లెంలో పోశారు. మజ్జిగకి కాస్త తగ్గుద్దిగానీ తెల్లారిందాకా పోదు ఆ మంట. అమ్మా నాయనమ్మా మంచం పక్కన నేల మీద కూర్చుని, ఒకే పళ్లెంలో నాలుగు చేతులూ ముంచుకున్నారు. పిల్ల మంచం మీద ఎర్రగా కందిపోయి ఏడుస్తోంది.

"ఎత్తుకోవే," అంది అమ్మ. అన్నాళ్లలో అక్కని అమ్మ అడగడం నేనదే చూడటం.

"నాకు చేతకాదన్నారుగా," అంది అక్క గోడవైపు నుంచే.

అమ్మ ఆ మజ్జిగలో చేతులు కదిలించుకుంటూ కూర్చుంది. నాయనమ్మే అందుకుంది. "ఎవత్తెకి చేతనైందే? మీ నాన్నని నేను మొదటిసారి ఎత్తుకుంటే గుడ్డలోంచి జారి నా ఒళ్లో తలకిందులుగా పడ్డాడు. మా అత్త చూసి, బిడ్డనుకున్నావా, గోంగూర కట్టనుకున్నావా అంది. వాడికి ఇప్పటికీ బుద్ధి అందుకే సరిగా లేదు."

వసారాలోంచి నాన్న దగ్గాడు. అక్క భుజాలు కదిలినయ్. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదుగానీ ఇటు తిరిగింది.

"మెడ కింద చెయ్యి పెట్టు. ఆఁ. రెండోది పిర్రల కింద," అంది అమ్మ. పిల్ల తల ఒక పక్కకి వాలిపోయింది. అమ్మ చేతులు పళ్లెంలోంచి పైకి లేచి, మజ్జిగ కారుతూ, మళ్లీ పళ్లెంలోకే పోయినయ్. "పర్లేదు, అట్టాగే. నీ రొమ్ముకి దాన్ని తే, నువ్వు వంగమాక." పట్టింది, వదిలింది, ఏడ్చింది. మళ్లీ పట్టింది, వదిలింది. పీక్కోడానికి ఎవరికీ చేతుల్లేవు. చివరికి ఏడుపు ఆగి, గుటక చప్పుడు వినపడింది. బయట చూరు నీళ్లు పడుతున్నాయి, లోపల ఆ గుటకలు.

మర్నాడు పొద్దున నాయనమ్మ అలవాటు చొప్పున చేతులు చాపింది. "ఉండు నాయనమ్మా, ఇంకా తాగుతోంది," అంది అక్క. నాయనమ్మ ఉంది.

ఆ ఒక్క సాయంత్రంతో అంతా కుదిరిందంటే అబద్ధమవుద్ది. అక్క ఆ తర్వాత కూడా చాలాసార్లు గోడకి తిరిగింది. ఉగాది పచ్చడి కలిపే నాటికి గానీ వామనగుంటల పీట అడగలేదు. అడిగిన రోజు మాత్రం మళ్లీ తొండే ఆడింది.

ఇదే నర్సమ్మకి చెప్పా. "అమ్మా, నీ క్లాసులో రబ్బరు బొమ్మ ఉంది చూడు. పిల్లలు తప్పుగా పట్టుకోగానే నువ్వు చప్పున లాక్కుని చూపిస్తావు. చేతులు ఒళ్లో పెట్టుకుని నోటితో చెప్పి చూడు. వాళ్ల అమ్మల్నీ అత్తల్నీ మొగుళ్లనీ కూడా పిలువు, లాక్కునేది వాళ్లేగా. ఊరికే కన్నీళ్లొచ్చే రోజులు ఉంటాయనీ, అది గాలీ కాదు, చేతకానితనమూ కాదనీ, తగ్గకపోతే డాక్టరుకి చూపించాలనీ ముందే చెప్పు. వాళ్లు కన్నాక వాళ్లింటికి పోయి కూర్చో ఒక గంట."

"నేను లాక్కుంటాననేది కూడా రాయమంటారా?" అంది.

"రాయి," అన్నా. నవ్వి రాసింది.

పక్కింటి అమ్మాయి దగ్గరికి పోయి కూర్చోవాలని ఉంటుంది. వాళ్లమ్మ మిర్చి యార్డులో కాయల ముచ్చికలు తీసే పనికి వెళ్లిపోయింది, భర్త కోల్డ్ స్టోరేజీలో లోడు దించుతాడు, ఆ పిల్ల ఫోను చూసి నేర్చుకుంటోంది. పిలవందే పసిబిడ్డ ఉన్న ఇంటికి పోవడానికి నాకు కాళ్లు రావు. నిన్న తనే గోడ మీదుగా, "మామ్మా, ఖాళీయేనా?" అంది. నాకు ఖాళీ తప్ప ఏముంది? పోయి కూర్చున్నా, దీపాలవేళ దాకా. చేతులు ఒళ్లోనే పెట్టుకున్నా.

మా ఆ గదీ లేదు, ఆ ఇల్లూ లేదు, బాలింతకి తోడుగా పిల్లని కూర్చోబెట్టే మాటే లేదు. నాన్న పోయాడు, నాయనమ్మా అమ్మా పోయారు, పోయినేడు అక్క పోయింది. ఆ సాయంత్రం అక్కడున్న వాళ్లలో నేనూ, పాలు తాగిన ఆ పిల్లా మిగిలాం. ఆ పిల్లకీ ఇప్పుడు నెరిసింది, పిడుగురాళ్లలో ఉంటుంది, పండగలకి ఫోను చేసి "పిన్నీ, మందులేసుకుంటున్నావా?" అంటుంది. వాళ్లమ్మ కొన్నాళ్లు తన మొహం చూడలేదనీ, తర్వాత తనకి తానుగా ఇటు తిరిగిందనీ దానికి తెలియదు. చెప్పాలని నోటిదాకా వస్తుంది. అక్క ఉంటే అడిగేదాన్ని, చెప్పనా అని.