ఒక్క రోజు నీళ్ళు పెట్టని స్లాబు

మా ఇంటి కప్పు నాపరాయి. బాబాయి వాళ్ళ కప్పు కూడా మొన్నటిదాకా నాపరాయే. తాత కట్టిన ఒక్క ఇంటిని నాన్నా, బాబాయీ మధ్యలో గోడ పెట్టి రెండు చేసుకున్నారు. వాన గట్టిగా పడితే రెండు వైపులా కారేది, రెండు వైపులా గిన్నెలు పెట్టేవాళ్ళం. ఆ రోజుల్లో బాబాయి కూతురి మీద నాకు కుళ్ళు లేదు.

రాయి ఎన్నాళ్ళు ఉంటుందని చిన్నప్పుడు నాయనమ్మను అడిగాను. "తాటాకు నీ చిన్నతనం దాకా. పెంకు నీ పెళ్ళి దాకా. నాపరాయి నీ మనవల దాకా" అంది. మరి స్లాబు అంటే, "దాని సంగతి నాకేం తెలుసే? అది పుట్టి ఎన్నాళ్ళయిందని?" అంది.

రాతి కప్పులో నాకు నచ్చేది ఒకటుంది. దూలానికీ, దాని మీద పరిచిన రాయికీ మధ్య గోడ పక్కన చిన్న సందు. నా డైరీ అందులోనే ఉంటుంది. స్టూలు ఎక్కి చెయ్యి పెడితే తప్ప అందదు. మా ఇంట్లో నాకంటూ ఉన్న చోటు ఆ సందు ఒక్కటే.

నిరుడు ఎండాకాలం బాబాయి తన సగం పడగొట్టి స్లాబు ఇల్లు మొదలుపెట్టాడు. అందులో వాళ్ళమ్మాయికి, అంటే నా చెల్లికి, ఒక గది, బయటి నుంచి మెట్లు, పైన డాబా. "డాబా మీద కూర్చుని ఎంచక్కా చదువుకోవచ్చక్కా" అని అది నాకు చెప్పింది. పరీక్షల పుస్తకం తప్ప మరొకటి అది తెరవగా నేను చూడలేదు. ఆ మాటకు నవ్వాను. డైరీలో మాత్రం రెండు పేజీలు రాసుకున్నాను.

స్లాబు పోసిన రోజు మిక్సర్ మోతకు వీధంతా చెవులు మూసుకుంది. పని అయ్యాక కూలీలందరికీ మాంసం కూరతో భోజనాలు. మర్నాడు పొద్దున మేస్త్రి పైన మట్టితో చిన్న చిన్న మడులు కట్టించి, వరిమడికి పెట్టినట్టు నీళ్ళు నిలిపించాడు.

"పద్నాలుగు రోజులు తడారగూడదన్నా" అని బాబాయికి చెప్పాడు. "అందులో మొదటి వారం మరీ. ఈ ఎండకి ఒక్కరోజు ఏమరినా పగుళ్ళిస్తది."

మూడో రోజే వాళ్ళు నకరికల్లు ప్రయాణమయ్యారు. పిన్ని అన్నగారి అమ్మాయికి ఓణీల ఫంక్షన్. రెండు రాత్రులుండి వస్తారు. బాబాయి మోటారు గది తాళం నా చేతిలో పెట్టాడు.

"నువ్వెట్టాగూ యాడికీ కదలవు గదమ్మా. పొద్దునా సాయంత్రం పైపు పడితే చాలు."

"పుస్తకంలో పడి మర్చిపోమాకక్కా!" అంది చెల్లి ఆటోలోంచి. అందరూ నవ్వారు. నన్ను కూడా రమ్మని ఎవరూ అనలేదు.

ఆ రోజు రెండు పూటలా మడులన్నీ నింపాను. సాయంత్రం నీళ్ళు పడుతూ తలెత్తితే, చేల అవతల నడికుడి వైపు పోయే రైలు కనపడింది. చిన్నప్పటి నుంచీ దాని కూత వింటున్నాను కానీ, మా ఊళ్ళో ఉండి రైలును చూడవచ్చని నాకు తెలియదు. కిందికి చూస్తే మా కప్పు కనపడింది. నల్లబడ్డ రాళ్ళు, అతుకుల వెంట సున్నపు చారలు, ఒక మూల నాయనమ్మ ఎండబెట్టిన మిరపకాయలు. ఇంత చిన్న ఇల్లా మాది అనిపించింది. చెల్లి ఇక రోజూ ఈ రైలును చూస్తుంది, మా కప్పును కూడా చూస్తుంది.

మర్నాడు పొద్దున ఫోన్ తెరిస్తే చెల్లి స్టేటస్. ఓణీ ఫోటోల మధ్య మా వీధి ఫోటో ఒకటి: "మా కొత్త డాబా. త్వరలో." కింద ఎన్నో పూలు, చప్పట్లు.

కరెంటు ఉంది. మోటారు ఉంది. బోరులో నీళ్ళున్నాయి. నేను వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని ఒక నవల మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఏం చదివానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తు లేదు. చీకటి పడ్డాక స్టూలు ఎక్కి డైరీ తీసి రాశాను.

తెల్లవారగానే నాకే భయం వేసి పైకి పరుగెత్తాను. మడుల గట్లు బీటలు వారి ఉన్నాయి. స్లాబు బూడిద రంగుకు తిరిగింది. మెట్ల వైపు మూలలో వెంట్రుకల్లాంటి గీతలు కనపడ్డాయి. వేలితో రుద్దితే పోలేదు. మోటారు వేడెక్కేదాకా నీళ్ళు పట్టాను. మధ్యాహ్నానికి వాళ్ళు దిగేసరికి అన్ని మడుల్లోనూ నీళ్ళు తొణుకుతున్నాయి.

"మా అమ్మాయికి ఒక మాట చెప్తే చాలు" అన్నాడు బాబాయి నన్ను చూపిస్తూ.

గృహప్రవేశం అయింది. శ్రావణంలో రెండు రోజులు ముసురు పట్టింది. చెల్లి గదిలో, మెట్ల వైపు మూల, కొత్త రంగు ఉబ్బి నీళ్ళు కారాయి. అబద్ధమెందుకు, ముందు నాకు సంతోషమే కలిగింది. బాబాయి మేస్త్రిని పిలిపించి వీధిలోనే నిలబెట్టేసరికి అది పోయింది.

"సిమెంటు యాడికి పోయిందయ్యా? సగం బస్తాలు మింగావా ఏంది?"

"నా చేతి పనికి ఇన్నేళ్ళలో వంక పెట్టినోడు లేడన్నా. నీళ్ళు సరింగా పెట్టారా లేదా, అది చూసుకో."

"మా అమ్మాయి పెట్టింది. అది నీ మాదిరి కాదు."

నేను మా తలుపు వెనకే ఉన్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికి అబద్ధం చెప్పినట్టు కాదని ఒక వారం సర్దుకున్నాను. ఈలోగా పై వీధిలో ఇల్లు కట్టుకునేవాళ్ళు ఇతన్ని వద్దనుకుని గురజాల నుంచి వేరే మేస్త్రిని పిలిపించుకున్నారని నాన్న అన్నం తింటూ చెప్పాడు. "చానా మంచి పనోడు. ఎందుకట్టా చేశాడో" అన్నాడు.

మేస్త్రి పగులు చూడటానికి మళ్ళీ వచ్చిన రోజు డైరీ తీసుకుని డాబా ఎక్కాను. బాబాయి, మేస్త్రి, చెల్లి ఉన్నారు. నీళ్ళు పెట్టని రోజు పేజీ తీసి బాబాయికి ఇచ్చాను.

"కళ్ళజోడు కింద ఉందమ్మా. నువ్వే చదువు."

ముగ్గురి ముందు చదివాను. "ఈ రోజు నీళ్ళు పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. దానికి రైలు కనపడుతుంది, నాకు కనపడదు."

మేస్త్రే ముందు మాట్లాడాడు. "ఆ రోజే చెప్పుంటే ఆ పూటే సిమెంటు పాలు పోసి పూడ్చేవాణ్ణి గదమ్మా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. బాబాయి అతని వైపు తిరిగి, "పదిమందిలో అన్నాను. పదిమందిలోనే చెప్తాలే మేస్త్రీ" అన్నాడు. చెల్లి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పగుళ్ళు చెక్కి, మందు కలిపిన సిమెంటు పూత వేశారు. ఆ పూతకు కూడా వారం రోజులు నీళ్ళు పెట్టాలి. బాబాయి పైపు తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

చెల్లి రోజూ పై మెట్టు మీద కూర్చుని నన్ను కాపలా కాసింది. మొదటి రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు, "ఆ మూల తడవలా" అంది. నాలుగో రోజు, "రైలంట! నన్నడిగితే నేనే పైకి పిలిచేదాన్ని గదే" అంది. అక్కా అనలేదు. నేను ఆ మూలనే మళ్ళీ తడిపాను.

ఏడో రోజు అది రాలేదు. నమ్మి రాలేదో, విసిగి రాలేదో నాకు తెలియదు. సాయంత్రం రైలు వెళ్ళింది. వాళ్ళ డాబా ఇప్పుడు పూత మెరుపుతో ఇంకా బాగుంది, నాకు ఇంకా కుళ్ళుగానే ఉంది. ముందు మెట్ల వైపు మూల నింపి, తర్వాత మిగతా అంతా నింపి, మోటారు ఆపి దిగాను.