పొగ గొట్టం దిగే పక్క

మొన్న ఆదివారం వదిన ఫోన్ చేసింది. బండిని తుక్కుకు ఇచ్చేస్తున్నామని, ఆర్సీ నా దగ్గరే ఉండాలని, వీలు చూసుకుని పంపమని. బీరువా అడుగు అరలో వెతికితే ప్లాస్టిక్ కవర్లో ఆర్సీ, దాంతోపాటు రెండు సన్నటి కాగితం ముక్కలు దొరికాయి. రెండింటి మీదా పెన్సిల్ నలుపు, ఆ నలుపులో తెల్లగా తేలిన అంకెలు. ఒకటి అన్న నడిపిన ఇంజిన్ నంబరు, రెండోది అన్న పోయాక మేం వేయించిన ఇంజిన్‌ది. నేను ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వాఫీసులో ఫైళ్ళు చూసినవాణ్ణి, కాగితం పారేయడం నా వల్ల కాదు. మా ఆవిడ ఆ బీరువాను రికార్డు రూమంటుంది.

అన్నది పాత డీజిల్ వ్యాన్. శాలిబండ గల్లీల్లోని పిల్లల్ని పొద్దున బడికి తీసుకుపోయి సాయంత్రం ఇళ్ళకు చేర్చడం ఆయన పని. ఆ ఇంటి అన్నం ఆ బండి మీదే. రోజూ స్టార్ట్ చేసే ముందు చెంబెడు నీళ్ళు రేడియేటర్లో పోసేవాడు, తులసికి పోసినంత శ్రద్ధగా. అది ఎక్కడో కారేది. బాగు చేయించమంటే, చెంబెడు నీళ్ళకే సంతోషపడేదాన్ని ఎందుకు కెలకాలి అనేవాడు. ఒక వేసవి సెలవుల్లో గుండె ఆగి ఒక్క పూటలో పోయాడు. నాకు ఏడుపు రాలేదు. కుర్చీలు తెప్పించాను, టెంటువాడితో మాట్లాడాను, వచ్చినవాళ్ళందరికీ చాయ్ అందిందా అని చూసుకున్నాను. చుట్టాలు నన్ను గట్టి మనిషన్నారు. అది గట్టితనం కాదు. చాలాసేపు మడిచి కూర్చున్న కాలిలా లోపలంతా తిమ్మిరెక్కి ఉంది.

దినాలైన మర్నాడు వదిన వాళ్ళమ్మను మలక్‌పేటలో రైలెక్కించాల్సి వచ్చి అన్న బండి నేనే తీశాను. పక్క సీట్లో వదిన. ఇన్ని రోజులుగా ఆ చెంబెడు నీళ్ళు ఎవరూ పోయలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. పెద్దామెను దింపి తిరిగొస్తుంటే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. నేను చూశాను. చూసి కూడా నడిపాను. అది ఇంకెవరి బండి ముల్లో అన్నట్టుగా ఉండింది. శాలిబండ ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్ ఒక్కసారి గట్టిగా మూలిగి పట్టేసింది. దారిన పోయేవాళ్ళు నలుగురు చేరి ఇంటిదాకా తోశారు.

అన్నకు ఇరవై ఏళ్ళ దోస్తు అయిన మెకానిక్ భాయ్ వచ్చి చూసి, లోపలంతా అతుక్కుపోయింది, ఇంకో ఇంజిన్ వెయ్యాల్సిందే అన్నాడు. పాతదైపోయింది కదా అని కారణం కూడా ఆయనే చెప్పాడు. నేను అవునన్నాను. వదినకూ అదే చెప్పాను. బడులు తెరవడానికి మూడు వారాలున్నాయి. ఆలోగా బండి కదలకపోతే పిల్లల తల్లిదండ్రులు ఇంకో వ్యాను చూసుకుంటారు.

ఆ ఇంజిన్లు తయారు కావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇక పాత ఇంజిన్లు అమ్మే గల్లీయే దిక్కు. భాయ్, నేను రోజూ పెళ్ళిసంబంధాలు చూడబోయినట్టు పోయేవాళ్ళం. దుకాణాల ముందు ఇంజిన్లు వరసగా, నూనె మరకలతో, తెగిన వైర్లు వేలాడేసుకుని కూర్చుని ఉండేవి. ప్రతి సేఠూ ముందు చాయ్ తాగించి, తర్వాత లేదనేవాడు. ఒకాయన మాత్రం విదేశాల పాత ఇంజిన్లతో కంటైనర్ రాగానే ఫోన్ చేస్తానన్నాడు. పాత ఇంజిన్ ఇస్తేనే వేరేది ఇవ్వడం ఆ గల్లీ పద్ధతి. అందుకని భాయ్ ముందే అన్న ఇంజిన్‌ను దింపి, నంబరు కొట్టిన చోట కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. ఆర్టీఓ ఆఫీసులో అడుగుతారు, జాగ్రత్తగా పెట్టమని నా చేతికిచ్చాడు. నేను చొక్కా జేబులో పెట్టుకున్నాను.

సేఠ్ ఫోన్ చేసిన రోజునే భాయ్ బిడ్డ నిఖా. ఆ హడావిడిలోనే ఆయన ఫోన్‌లో నాకు మూడు పనులు అప్పజెప్పాడు. ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే సాఫీగా తిరగాలి. ఆయిల్ తీసి చూస్తే నీళ్ళు కలిసి ఉండొద్దు. పొగ గొట్టం ఎడమపక్క దిగాలి. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కాబట్టి దాని రాడ్డు అటే దిగుతుంది, గొట్టం దానికి అడ్డం రాకూడదు. ఎడమ స్టీరింగు దేశాల నుంచి వచ్చినవాటికి అది తిరగబడి ఉంటుందట. నేను ఫైలు చూసినట్టే చూశాను. ఫ్యాన్ తిరిగింది, ఆయిల్ బాగుంది. ఇంజిన్‌కు ఎదురుగా, ఫ్యాన్ వైపు నిలబడి చూస్తే గొట్టం నా ఎడమచేతి పక్కనే ఉంది. అన్న ఇంజిన్‌ను అక్కడ దింపేసి, దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకొచ్చాను. మూడు పనులూ సరిగ్గా చేశానని కాస్త గర్వపడ్డాను కూడా.

మర్నాడు భాయ్ దాన్ని బండిలోకి దించబోయి, సగంలో ఆపి, నా మొహం చూశాడు. గొట్టం పోయి పోయి స్టీరింగు రాడ్డు మీదే కూర్చుంది. నేను ఎడమపక్కే అని వాదించాను. ఆయన కోప్పడలేదు, డ్రైవర్ సీటు తలుపు తెరిచి నన్ను ఎక్కమన్నాడు. ఆ ఎత్తు మీద బండి పట్టేసినప్పటి నుంచి నేను ఆ సీట్లో కూర్చోలేదు.

“కుడి ఎడమ అనేది సీట్ల కూసున్నోనికి తమ్మీ. ముంగట నిలవడి చూసెటోనికి కాదు. మీ అన్న లెక్క కూసొని చూడు,” అన్నాడు.

కూర్చున్నాను. సీటు అన్న బరువుకు ఓ పక్కకు కుంగి ఉంది, నేనూ అటే ఒరిగాను. ఎదురుగా ఆ ముల్లు, ఇప్పుడు సున్నా మీద. అప్పుడైనా ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. దిగి, ట్రాలీ ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

సేఠ్ మంచివాడు, మారుస్తానన్నాడు, అదే కంటైనర్లో కుడి స్టీరింగుది ఇంకోటుందట. ఈసారి భాయ్ కూడా వచ్చాడు. ఆయన చూస్తుండగా నేను దుకాణం వెనక్కి పోయాను. అన్న ఇంజిన్‌ను అప్పటికే విప్పేశారు. మూత ఒక పక్క, మిగతాది ఇంకో పక్క. లోపల కాలి, గీసుకుపోయి, నల్లబడి ఉంది. పాతబడినందుకు కాదు, నీళ్ళు లేక కాలిపోయిందని నాలాంటివాడికే తెలుస్తోంది, ఇక భాయ్‌కి మొదటి రోజే తెలిసి ఉండాలి. నేను చేసిన పనిని ఆయన బండి వయసు మీద వేసి దాచాడు.

రెండోది సరిగ్గా కూర్చుంది. బడులు తెరవడానికి నాలుగు రోజుల ముందు వదిన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, అన్న చెంబుతోనే రేడియేటర్లో నీళ్ళు పోసింది. భాయ్ స్టార్ట్ చేశాడు. అన్న బండి చప్పుడు కాదది, కొంచెం సన్నం. ఆ చప్పుడులోనే, ఇక ఆగలేక వదినకు చెప్పేశాను. ముల్లు ఎర్రగీత దాటడం చూశానని, చూసి కూడా నడిపానని.

వదిన మూత బిగిస్తూ నా వైపు తిరగలేదు.

“నేను గూడ చూసిన,” అంది. “నీ పక్కకే కూసున్న గద. ఆపుమని చెప్పబుద్ధి గాలె.”

చెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. అన్న పోయిన ఇన్నాళ్ళకు కళ్ళు తడిశాయి, అదీ కొద్దిగానే.

కొన్నాళ్ళు జీతానికి ఒక డ్రైవరును పెట్టి, తర్వాత వదిన తనే నేర్చుకుని నడిపింది. ఇప్పుడు వదినకు పంపడానికి ఆర్సీని కవర్లో పెట్టి పక్కన ఉంచాను, కాగితం ముక్కలు రెండూ మళ్ళీ బీరువాలోకే పోయాయి. అన్న ఆ బండిని నడిపింది తొమ్మిదేళ్ళు. అన్న లేకుండా అది నడిచిన ఏళ్ళు ఎప్పుడో ఆ తొమ్మిదినీ దాటిపోయాయి. ఏ రోజున దాటాయో, వదినా నేనూ, ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.