మధ్యలో మింగేసిన మాట

ఒక మాట మింగేశాను. ఇన్నేళ్లూ అది కిందికి దిగలేదు, పైకీ రాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే దమ్ము నాకు లేదు.

నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో నేను సోషల్ మేస్టార్ని. నా క్లాసులో పైడి అని ఒక వాగుడుకాయ ఉండేది. ఒక సాయంత్రం బడి నుంచి ఇంటికి చేరలేదు. మర్నాడు జీడితోటలో శవమై దొరికింది. ఎవరో గొంతు నులిమేశారు.

రోజూ పిల్లని సైకిల్ మీద తీసుకెళ్లేవాడు దాని చిన్నాన్న కూర్మయ్య. శవాన్ని ఆస్పత్రికి పంపాక, అతను బడి వరండాలో నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నానే సంపీసినాను మేస్టారూ."

"ఏటి సేసినావురా?"

"బడికాడికి ఎల్నేదు. పేకాట కాడ కూకుండిపోనాను. పిల్ల ఒక్కర్తీ నడిసెల్లింది. నానే సంపీసినాను."

మా వైపు ఈ ఏడుపుకి అర్థం అందరికీ తెలుసు. మా తమ్ముడు జ్వరంతో పోయినప్పుడు, ఆస్పత్రికి బేగి తీసుకెళ్లలేదని మా అమ్మ కూడా ఇదే మాట అని గుండెలు బాదుకుంది. ఆవిణ్ణి ఉరి తియ్యమని ఎవరూ అనలేదు.

కూర్మయ్యకీ, పైడి తండ్రి అయిన అతని అన్నకీ పొలం గట్టు తగాదా ఉండేది. పోలీసులు అతన్నే పట్టుకున్నారు. పేకాట దగ్గర ఉన్నానని అతను చెప్పినా, ఆడినవాళ్లెవరూ పోలీసులకి జడిసి ముందుకు రాలేదు. నేను బోనెక్కి శుభ్రమైన పుస్తకాల తెలుగులో చెప్పాను: "తానే చంపానని నాతో అన్నాడండి." మొదటి మాటా చివరి మాటా చెప్పాను. మధ్యది వదిలేశాను. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. క్లాసులో ఆ పిల్ల కూర్చునే చోటు చూస్తే ఒళ్లు మండిపోయేది. ఎవడో ఒకడు చావాలి. ఎవడైతేనేం? అవును, అంత మాటా అనుకున్నాను.

ఉరిశిక్ష వేశారు. ఊళ్లో బాణసంచా కాల్చారు. నేనూ స్వీటు తిన్నాను. తర్వాత పై కోర్టు దాన్ని యావజ్జీవంగా మారిస్తే ఆ రోజంతా అన్నం ముట్టలేదు. వీణ్ణి మన డబ్బుతో మేపాలా అని స్టాఫ్ రూములో గొడవ చేశాను. తెలియక చేశానా? అన్నీ తెలుసు. మధ్యలో మాట చెవిలో మోగుతూనే ఉంది.

ఉరి ఉంటేనే భయం ఉంటుందని టీవీల్లో ఇప్పటికీ అరుస్తారు. ఎవరికి భయం? చంపినవాడు వేరే ఎవడైనా అయితే, వాడు ఈ పూట మా ఊరి బడ్డీకొట్టు దగ్గర టీ తాగుతుండొచ్చు. పౌరుడి ప్రాణానికీ స్వేచ్ఛకీ రాజ్యమే కాపలా అని పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి నేను. ఆ రాజ్యానికి మనిషి మెడకి తాడు బిగించే అధికారం ఇచ్చి, బిగించాలో వద్దో నాలాంటి కోపిష్ఠి వెధవ నోటిమాట మీద తేల్చుకోమంటే, ఇక ఎవడికి ఏం స్వేచ్ఛ మిగిలినట్టు? పొరపాటైతే జైలు తలుపు తియ్యొచ్చు. బిగిసిన తాడు విప్పి ఏం చేసుకుంటాం?

కూర్మయ్య చంపలేదని నేను ప్రమాణం చెయ్యలేను. చంపానని నాతో ఒప్పుకోలేదని మాత్రం చెయ్యగలను. అతను ఇంకా జైల్లో ఉన్నాడు, బతికే ఉన్నాడు. నేను కోరుకున్నట్టే జరిగి ఉంటే, ఈ నిజం ఇప్పుడు ఎవరికి పనికొచ్చేది?

అతని లాయరు శ్రీకాకుళంలో ఉంటాడు. రెండుసార్లు బస్సెక్కి, మధ్యలో దిగి వెనక్కి వచ్చేశాను. మూడోసారి వెళ్తానా? వెళ్తాననే అనుకుంటున్నాను. దొంగ సాక్ష్యమని నన్ను లోపల వేస్తే వెయ్యనీ. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అడిగే మొహం లేదు.

పేకాట కాడ కూకుండిపోనాను అన్నాడు. ఇదుగో, రాసేశాను. గుండె కాస్త తేలికపడింది. అతను అక్కడ ఊచల వెనక ఉండగా నాకిలా తేలికపడినందుకు, నా మీద నాకే అసహ్యంగా ఉంది.