పాడె తిరిగే మెట్లు

కిరాయి ఇళ్ల గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఏ ఓనరుకూ తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. నా ఇంటర్ అయ్యేలోపు ఖమ్మంలోనే తొమ్మిది ఇళ్లు మారాం. గేటు దగ్గర నిలబడగానే ఓనరమ్మ "మీరేమిట్లు?" అని కులం అడిగే తీరును బట్టి ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటామో నేను ముందే చెప్పేదాన్ని. గోడకు మేకు కొట్టొద్దు, చుట్టాలు ఎక్కువ రావొద్దు, నీళ్లు పొద్దున ఒక్క గంటే. ఇవన్నీ అలవాటైపోయాయి. అలవాటు కానిది ఒక్కటే.

నాన్న దవాఖానాలో పోయాడు. అంబులెన్సు ఇంటి ముందు ఆగేసరికి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. అంతకు ముందు వారమే నాన్నకు కొబ్బరి బోండాలు తెచ్చిచ్చాడు. కళ్లనీళ్లు పెట్టుకునే చెప్పాడు. "ఏమనుకోవద్దు చెల్లె. శవాన్ని లోపటికి తేవొద్దు. రేపు ఈ ఇంట్లకు ఎవరన్న కిరాయికొస్తరా?"

అమ్మ వాదించలేదు. రోడ్డు పక్కన మురికికాలువ మీద కప్పిన బండల మీద నాన్నను పడుకోబెట్టారు. పైన టార్పాలిన్ కట్టేలోపే వానొచ్చింది. స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ మా పక్కనుంచి పోతుంటే, నాన్న కాళ్లు తడవకుండా నేను గొడుగు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆ ఇల్లు కూడా ఖాళీ చేసి ములకలపల్లిలో మామయ్య ఇంటికి చేరాం. అక్కడ దిగిన రోజే అమ్మ ఒట్టేసుకుంది. "నేను సచ్చేది సొంతింట్లనే. మల్ల కిరాయి ఇంటి గడప తొక్క."

ఆర్కిటెక్చర్ ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే కోపంతో చదివానని చెప్తాను. ఉద్యోగం స్థిరపడగానే చేసిన మొదటి పని ఖమ్మంలో నాలుగో అంతస్తులో ఒక ఫ్లాట్ కొనడం. గృహప్రవేశం రోజు అమ్మ తలుపు మీద చెయ్యి వేసి, "ఇగ నన్నెవడు గేటు కాడ ఆపుతడో సూస్త" అంది. పాలు పొంగినదానికన్నా ఆ మాటకే నాకు ఎక్కువ సంతోషం వేసింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు భద్రాచలం దిగువన గోదావరి ఒడ్డున ఒక పని వచ్చింది. అక్కడ ఎప్పుడో మూతపడ్డ కట్టెకోత మిల్లు ఉంది. తుప్పు పట్టిన రేకుల షెడ్డు, నది నుంచి దుంగలు పైకి లాగే రాతి ర్యాంపు, తుమ్మచెట్ల మధ్య నల్లబడిన పొట్టు కుప్పలు. ఆ జాగా కొన్నాయన పెనుబల్లి రైతు. తాత కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన ఆలోచన నాకు మొదటి రోజే నచ్చింది. ప్లాట్లు చేసి అమ్మడట. వాడ మొత్తం కిరాయికే కడతాడట. టీచర్లు, నర్సులు, బదిలీల మీద వచ్చే ఉద్యోగులు, అడవి ఊళ్ల నుంచి పిల్లల చదువులకని దిగేవాళ్లు, ఇలా భద్రాచలంలో ఇల్లు దొరక్క తిరిగేవాళ్లకు కొదవ లేదు.

"ఓనర్లు లేని ఊరు కడుతున్నారన్నమాట" అన్నాను.

"నేనున్నాగా" అన్నాడాయన నవ్వుతూ. నేను మాత్రం నవ్వలేదు.

మిల్లు గోడ మీద పాత వరద గుర్తు ఎర్రరంగుతో గీసి ఉంది, నా తల కన్నా ఎత్తున. అందుకే నా ప్లాన్‌లో ఇళ్లన్నీ పిల్లర్ల మీద, ఆ గీతకు పైన. కింద అంతా ఖాళీ. వీధులన్నీ నదికి ఎదురుగా, గాలి తగిలేలా. ర్యాంపును కదిలించలేదు, అది పిల్లలు కూర్చునే మెట్లవుతుంది. పాత షెడ్డును, రేకులు తీసి పెంకులు వేసి, అందరి మండపంగా మార్చాలని రాసుకున్నాను. గేటు పక్కన, నది వైపు ఇంకొక చిన్న మండపం గీశాను. కుళాయి, చుట్టూ బెంచీలు, మధ్యలో పొడవాటి నునుపు అరుగు. కిరాయి ఇళ్లలో ఎవరైనా పోతే రోడ్డు మీద పెట్టుకోవాల్సిన ఖర్మ పట్టకుండా, మర్యాదగా సాగనంపే చోటు. ఆ కాగితం చూసుకుని నేను మురిసిపోయాను. ఇన్నేళ్ల కోపానికి జవాబు దొరికిందనుకున్నాను.

ఆదివారం ఇంటికి తెచ్చి అమ్మ ముందు పరిచాను. చింతపండు గింజలు తీస్తున్న చెయ్యి తుడుచుకుని కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఇది గేటుకు లోపలనా, బయటనా?"

"లోపలే అమ్మా."

"ఇండ్లకెంత దూరం?"

"దగ్గరే. యాభై అడుగులు."

"అంటే మీ నాయనను వాళ్లు మురికికాల్వ మీద పండవెట్టిన్రు. నువ్వు టైల్స్ మీద పండవెడ్తవ్. గంతే గదా?"

అమ్మ మళ్లీ చింతపండు ముందుకు జరుపుకుంది. "సచ్చినోనికి గోదారి కనవడుడెందుకే? మనిషి ఆఖరుసారి ఇంటికి రావాలె."

పెద్దల మాట చద్దన్నం మూట అంటారు. మా అమ్మ మాట పచ్చిమిరపకాయల మూట. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆఫీసులో ఆ ప్లాన్ మళ్లీ తీశాను. ఈసారి మనసులో నాన్నను తీసుకుని గేటు నుంచి ఇంటి దాకా వేలితో నడిచాను. మెట్ల దగ్గర ఆగిపోయాను. అన్ని కిరాయి ఇళ్లలాగే మూడడుగుల వెడల్పు మెట్లు, మధ్యలో ఇరుకు మలుపు. రేపు ఓనరు ఒప్పుకున్నా సరే, స్ట్రెచర్ ఎక్కదు, పాడె దిగదు. నాన్నను ఆనాటి ఓనరు గేటు దగ్గర ఆపాడు, నేను మెట్ల దగ్గర ఆపేశాను.

మా మేస్త్రీ ఖమ్మం వాడు. తాతల నాటి నుంచి ఇళ్లు కట్టే ముస్లిం కుటుంబం. విషయం చెప్తే గడ్డం నిమురుకుని, "కాగితం మీద తెలువది మేడమ్. ముగ్గు పోసి సూద్దాం" అన్నాడు. పాత షెడ్డు నేల మీద మెట్లనూ మలుపునూ అసలు కొలతకు ముగ్గు పోయించాడు. సెంట్రింగ్ నిచ్చెన ఒకటి తెచ్చి, దాని మీద సిమెంటు బస్తా కట్టి, నలుగురు కూలీల భుజాలకెత్తాడు. మూడడుగుల గీతల మధ్య నలుగురూ ఒకరినొకరు తొక్కుకున్నారు. నాలుగడుగులకు నిచ్చెన కొస గీత దాటింది. ముగ్గు చెరిపి ఐదడుగులకు పోశారు. నిచ్చెన మెల్లగా, ఎక్కడా తగలకుండా తిరిగింది. "మా జనాజా గూడ తిరుగుతది" అన్నాడు మేస్త్రీ, తనకు తానే చెప్పుకున్నట్టు.

సరిగ్గా అప్పుడే రైతు కారు దిగాడు. చూస్తానని పట్టుబట్టి వచ్చిన మా అమ్మ కూడా అక్కడే కుర్చీలో కూర్చుని ఉంది. నిచ్చెననూ బస్తానూ చూడగానే ఆయనకు అర్థమైంది. మొహం మాడిపోయింది.

"ఏంటమ్మా ఇది? శంకుస్థాపన కాకముందే పాడె మోయిస్తున్నావా?"

చెప్పాను. మెట్లు ఐదడుగులు కావాలి. అందుకు ప్రతి ఇంట్లో ఒక గది కాస్త చిన్నదవుతుంది. చనిపోయినవాళ్లను ఇంట్లోకి తెచ్చుకోవచ్చని అగ్రిమెంటులో రాయాలి.

"నీకు తెలీదమ్మా. నక్షత్రం మంచిది కాకపోతే ఆ ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి. పక్కవాళ్లు కూడా ఖాళీ చేస్తారు. వాడంతా పాడుబడిపోద్ది."

నేను నోరు తెరిచేలోపు అమ్మ అడిగింది. "మీ నాయన ఏడ పోయిండయ్యా?"

"మా నాన్నగారా? ఇంట్లోనే పోయారు."

"నచ్చత్రం మంచిదేనా?"

ఆయన కాస్త తడబడ్డాడు. "కాదు. శాంతి చేయించాం."

"ఇప్పుడు ఆ ఇంట్ల ఎవరుంటున్నరు?"

"మేమే ఉంటున్నాం అమ్మా. ఎక్కడికి పోతాం?"

"మరి కిరాయోళ్లకు శాంతి చేసే అయ్యగారు దొరకడా?"

కూలీలు నిచ్చెన భుజాల మీదే పెట్టుకుని వింటున్నారు. ఆయన ర్యాంపు దిగి నీళ్ల దాకా పోయాడు. పని పోయినట్టేనని నేను కాగితాలు చుట్టేసుకుంటున్నాను. ఆయన తిరిగొచ్చి ముగ్గు గీతలను కాలితో తొక్కకుండా చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

"ఐదడుగులే వెయ్యి. అగ్రిమెంటులో మాత్రం గట్టిగా రాయించు. రేపు మా పిల్లలు కూడా మార్చలేనట్టు."

మేస్త్రీ "దించున్రి" అని అరిచాడు. నిచ్చెన కింద పెట్టగానే కూలీలు ఈలలు వేశారు. ఆ పూట నేను తిన్న చికెన్ బిర్యానీ అంత రుచిగా మళ్లీ ఎప్పుడూ తినలేదు.

కట్టాం. మొదటి వానాకాలమే గోదావరి పరీక్ష పెట్టింది. నీళ్లు పిల్లర్ల మధ్యకొచ్చి, మొక్కల కుండీలను ఎత్తుకుని, రెండు రోజులుండి పోయాయి. ఒక్క గడప కూడా తడవలేదు. జనం ఆ వెడల్పాటి మెట్ల మీద కూర్చుని మొక్కజొన్న కంకులు తింటూ వరద చూశారు. అప్పటికే ఆ మెట్ల మీద ఉల్లిపాయలు ఎండేవి, పిల్లలు హోంవర్కు రాసేవాళ్లు, ఆడవాళ్లు జడలు వేసుకునేవాళ్లు. అవి ఎందుకంత వెడల్పో ఎవరికీ గుర్తు లేదు.

గుర్తు చేసే రోజు వచ్చింది. మూడో వరసలో ఒక పాత లారీ డ్రైవరు భార్యతో ఉండేవాడు. ఈ మిల్లు నడిచిన రోజుల్లో ఇక్కడికే దుంగలు తోలినవాడు. దవాఖానాలో పోయాడు. పై కప్పు కారుతోందంటే చూడ్డానికి ఆ పొద్దున నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. అంబులెన్సు గేటు ముందు ఆగింది. దాన్ని నడిపే కుర్రాడు తల బయటపెట్టి అలవాటుగా అడిగాడు. "బాడీని గేటు కాడనే దించాల్నా?"

వాచ్‌మన్ నా వైపు చూశాడు. అమ్మే నడిచిపోయి గేటు రెండు రెక్కలూ తోసింది.

"ఇల్లు లోపలుంది బిడ్డా. లోపటికి పోనీ."

ఆయన్ను ఇంటికి ఎక్కించారు. ముందు గదిలో, ఆయన టీవీ చూసే చోటే పడుకోబెట్టారు. ఆయన్ను సాగనంపేదాకా ఆ వరసలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం పాడె దిగింది. మలుపు వచ్చింది. నలుగురూ మెల్లగా తిరిగారు. గోడకు తగల్లేదు. చావింట్లో చప్పట్లు కొట్టాలనిపించిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చప్పట్లు కొట్టలేదు, ఏడ్చాను. నాన్న కోసం ఏడవాల్సింది కూడా అక్కడే ఏడ్చాను.

నెల తిరిగాక రైతు ఫోన్ చేశాడు. ఆయన గొంతు సంతోషంతో పెద్దదైంది. "అమ్మా, ఒక్కరు కూడా ఖాళీ చెయ్యలేదు. పక్క పోర్షనావిడ వాళ్ల చెల్లెలికి కూడా ఇల్లు అడుగుతోంది. ఇంకో వరస గీసెయ్."

ఆ కబురు చెప్పుకుంటూ అమ్మా నేనూ కూరగాయల సంచులతో మా ఫ్లాట్ లిఫ్ట్ ఎక్కాం. ఇద్దరం పట్టేసరికి సంచులు కాళ్ల మధ్య ఇరుక్కున్నాయి. అమ్మ రెండు చేతులూ చాచింది. రెండూ గోడలకు తగిలాయి.

"ఏందే, దీండ్ల నన్నెట్ల దించుతవ్? నిలవెట్టి దించుతవా?"

నాలుగో అంతస్తులో దిగి మెట్ల వైపు చూశాను. మూడడుగులు కూడా లేవు. ఊరందరి మెట్లూ కొలిచినదాన్ని, అమ్మ కోసమే కొన్న ఇంటి మెట్లు ఒక్కసారి కూడా కొలవలేదు.

"ఆ కొత్త వరసల నాకో ఇల్లు కిరాయికి తియ్యి" అంది అమ్మ. "గోదారి దిక్కు."

"కిరాయి ఇంటి గడప తొక్కనన్నావు కదా?"

"నేను ఒట్టు వెట్టింది కిరాయి మీద కాదే. ఆ గేటు మీద."

తాళం తీసి లోపలికి పోతూ వెనక్కి తిరిగింది. "జల్దీ ఏం లేదు. అగ్రిమెంటు పదకొండు నెల్లకు రాయించు. అయినంక మల్ల పదకొండు. ఇంక శాన సార్లు రాయించాలె నువ్వు."