తోలు కింద దొరికిన గుండు

పెన్సిల్వేనియా కొండల్లో క్రిస్మస్ వెళ్ళాక చెకుముకి తుపాకుల వేట మొదలవుతుంది. ఆ వేటకి వెల్డా క్రెస్లర్ ఎన్నేళ్ళనుంచి పోతోందో ఆమెకే గుర్తు లేదు. మొగుడు రస్ పోయాక అతని ఉన్నిచొక్కా తొడుక్కుని మరీ పోయేది. వేటగాళ్ళ శిబిరంలో తక్కినవాళ్ళంతా మొనదేలిన బరువు గుండ్లకి మారిపోయినా, ఆమె మాత్రం ఇంట్లో సీసం కరిగించి పోసుకున్న గుండ్రటి గుండునే పరుపుగుడ్డ పేలికలో చుట్టి తుపాకి గొట్టంలోకి దిగగొట్టేది.

"మా గుండు ఈ పక్క దూరి ఆ పక్క తేలుతుంది, దారి పొడుగునా నెత్తురు పడుతుంది. నీ గోలీకాయ తగిలిందో లేదో ఆ దేవుడికే తెలియాలి" అని తోటి వేటగాడు మెర్ల్ ఏడిపించేవాడు.

"అందుకే నేను కాళ్ళరిగేలా జాడ పడతాను, నువ్వు కూర్చుని కాఫీ తాగుతావు" అనేది వెల్డా.

మెర్ల్ చెప్పేదాంట్లో అబద్ధం లేదు. గుండ్రటి గుండు చాలాసార్లు అవతలి తోలు కింద ఆగిపోతుంది. నెత్తురంతా లోపలే నిలిచిపోయి, మంచుమీద చుక్కయినా పడకపోవచ్చు. అయినా సరే, దెబ్బతిన్న జంతువుని అడవిలో వదిలేసి రావడం వెల్డా జన్మలో ఎరగదు. మెర్ల్ ఆమె మొగుడికి చిన్నప్పటి స్నేహితుడు. రస్ పోయాక వేటలో ఆమెకి తోడు అతనే. సొంత అన్నకంటే ఎక్కువగా నమ్మింది.

ఆ ఏడు ఒక మధ్యాహ్నం వాగు పక్కన కొమ్ముల దుప్పి నిలబడింది. వెల్డా పేల్చింది. పొగ విడిపోయేసరికి దుప్పి లేదు, మంచుమీద నెత్తురూ లేదు. అడుగులు కొంతదూరం పోయి, మంద అడుగుల్లో కలిసి రెండు దారులుగా చీలాయి.

"నువ్వు పైకి పో, నేను వాగు దాటి చూసొస్తా" అన్నాడు మెర్ల్.

తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. "తోక ఎత్తుకుని గెంతుకుంటూ పోయింది. ఒంటిమీద వెంట్రుక కూడా తెగలేదు. గురి తప్పింది, వెల్డా."

"సరిగ్గా చూశావా? తగిలినట్టే అనిపించింది నాకు."

"నామీద నమ్మకం లేదా?"

ఉంది. అదే కదా ఆమె చేసిన పాపం.

గురి తప్పినవాళ్ళ చొక్కా అంచు కత్తిరించి, దానిమీద పేరు రాసి శిబిరం గోడకి మేకు కొట్టడం అక్కడి ఆచారం. ఎంతటివాళ్ళకీ మినహాయింపు లేదు. ఆ సాయంత్రం కత్తెర పట్టింది మెర్లే. రస్ చొక్కా అంచు కరకరా కోశాడు. అందరూ నవ్వారు, వెల్డా కూడా నవ్వింది. ఏదో పనుందంటూ మెర్ల్ తొందరగా ఇంటికి పోయాడు.

తెల్లవారాక ఆమె ఒక్కతే వాగు పొడుగునా మోకాలిలోతు మంచులో వెతికింది. ఒకవేళ తగిలుంటే ఆ మూగజీవం ఏ పొదలో పడి కొట్టుకుంటోందోనని ఆమె బాధ. ఉత్తచేతులతో శిబిరానికి వస్తే, మెర్ల్ పొద్దున్నే పెద్ద కొమ్ముల దుప్పిని కొట్టాడని అంతా చెప్పుకుంటున్నారు. "పోన్లే, ఇన్నేళ్ళకి అతనికీ ఒకటి పడింది" అని మనస్ఫూర్తిగా సంతోషించింది, పిచ్చిది.

అంతలో మెర్ల్ భార్య జాయిస్ ఫోను చేసింది. "మాంసం కొయ్యడానికి ఓ చెయ్యి వేస్తావా, వెల్డా? ఈయనకి బొలోనా సాసేజీలు కావాలిట."

మెర్ల్ ఇంటి షెడ్డులో దుప్పి వేలాడుతోంది. తోలు ఒలుస్తుంటే అవతలి జబ్బ దగ్గర వెల్డా వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. బిళ్ళలా అణిగిన సీసం. దాని వెనకవైపు పరుపుగుడ్డ నేత అచ్చుపడి ఉంది. పక్కనే ఈ వైపునుంచి ఆ వైపుకి దూసుకుపోయిన ఇంకో చిల్లు. దాని చుట్టూ మాంసంలో నెత్తురు కమిలిన జాడే లేదు. చచ్చిపడున్నదాన్ని మళ్ళీ కాల్చాడు మహానుభావుడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడం అంటే ఇదే.

అప్పుడే లోపలికొచ్చిన మెర్ల్ ఆమె అరచేతిలో సీసం చూశాడు.

"నీకు గోడనిండా కొమ్ములున్నాయి" అన్నాడు నేలచూపులు చూస్తూ. "నాకు ఈమధ్య చేతులు వణుకుతున్నాయి. ఒక్కటైనా..."

"అడిగుంటే నేనే ఈడ్చుకొచ్చి నీ గుమ్మంలో పడేసేదాన్ని. అది నొప్పితో కొట్టుకుంటోందని పొద్దుటినించీ మంచులో దేవులాడాను. నేను వెతుకుతానని నీకు తెలుసు. తెలిసీ ఊరుకున్నావు."

జాయిస్ మొగుడి మొహం చూసి, కత్తి బల్లమీద పెట్టి లోపలికి పోయింది.

వెల్డా శిబిరంలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆమె గురి నిలబడేది, రస్ స్నేహితుడి పరువు పోయేది. కడుపులోనే దాచుకుంది.

మరుసటి ఏడు శిబిరం పెద్ద డార్విన్ పేల్చిన దుప్పి జాడ తెగిపోయింది. అందరూ నిలబడి తర్జనభర్జన పడుతున్నారు.

"వాగు అవతలంతా చూసొచ్చాను, ఏమీ లేదు" అన్నాడు మెర్ల్.

వెల్డా తుపాకి భుజాన వేసుకుని వాగువైపు కదిలింది.

"ఎక్కడికి? మెర్ల్ చూశాడుగా" అన్నాడు డార్విన్.

"మెర్ల్ చూశాడు కాబట్టే పోతున్నా" అంది వెల్డా.