పదమూడో గుమ్మం

కత్తెరక్కకి ఆ పేరు పెట్టింది వీధిలోవాళ్లే. సంతకం చెయ్యాల్సిన చోట తప్ప అసలు పేరు ఆవిడకే గుర్తుకు రాదు. పదహారేళ్ల వయసులో మేనత్త సెలూన్‌లో చీపురు పట్టుకుని మొదలుపెట్టి, తర్వాత దువ్వెన, ఆపైన కత్తెర చేతికి తెచ్చుకుంది. మేనత్త తర్వాత ఆ రెండు కుర్చీల దుకాణం ఆవిడదే అయింది. పొద్దున్న షట్టరెత్తింది మొదలు సాయంత్రం దించేదాకా నిలబడి చేసే పని. చేతులకి ఎంత పనో నోటికీ అంతే. ఆవిడ నోటికి మూత పడదని అందరికీ తెలుసు. అయినా అక్కడికే వచ్చేవాళ్లు. ఎంత మాట్లాడినా, ఒకరి గుట్టు తీసుకెళ్లి ఇంకొకరి చెవిలో వేసే మనిషి కాదు.

ఆట అన్నది మాత్రం ఆవిడ దరిదాపులకి ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడు అన్నలు బంతాట ఆడుకుంటుంటే వాళ్ల చెప్పులకి కాపలా కూర్చుంది. పెళ్లయ్యాక, లిఫ్టులు బాగుచేసే మొగుడు టీవీలో ఆటలు చూస్తుంటే పక్కన కూర్చుని నిద్రపోయింది. యాభై దాటి మోకాళ్లు సణగడం మొదలుపెట్టాక ఇక ఆ ఊసే లేదు. "సాయంత్రానికి ఈ కాళ్లు నావో, కుర్చీవో నాకే తెలీదు" అనేది.

సెలూన్ వెనక కిటికీ తెరిస్తే మునిసిపల్ తోట కనిపించేది. అక్కడ చదును చేసిన పచ్చికలో కొందరు పెద్దవాళ్లు పొడుగు కర్రల కొయ్య సుత్తులు పట్టుకుని, వంగి వంగి నడుస్తూ ఉండేవాళ్లు. వాళ్లదేదో వస్తువు గడ్డిలో పడిపోయిందని, వెతుక్కుంటున్నారని కత్తెరక్క చాలాకాలం అనుకుంది. రోజూ పారేసుకుంటారేమిటో పాపం, అని జాలి కూడా పడింది.

అది ఆటని చెప్పింది భూగోళం మాస్టారు. రిటైరైన బడిపంతులు. తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకలూ చెవుల చుట్టూనే ఉన్నా, తప్పకుండా నెలకోసారి వచ్చి కత్తిరించుకునేవాడు.

"అమ్మా, మంగళవారం నీకు సెలవే కదా" అన్నాడు ఓ రోజు అద్దంలోంచి చూస్తూ. "మా నాలుగో మనిషికి నడుం పట్టేసింది. నువ్వొచ్చి కాసేపు నిలబడితే చాలు."

"నిలబడ్డమైతే రోజూ ఉన్నదే మాస్టారూ. సెలవు రోజు కూడా అదేనా?"

"ఇక్కడ నిలబడితే కాళ్లు నెప్పి. అక్కడ నిలబడితే గాలి."

మొహమాటానికి వెళ్లింది. ఆట పేరు క్రోకే అని, చాలా తేలికని చెప్పారు. పచ్చికలో అక్కడక్కడ ఇనపకమ్మీ వంచి చిన్న గుమ్మాల్లా పాతారు. అసలు మాట హూప్ అయినా అక్కడ అందరూ గుమ్మం అనే అంటారు. నాలుగు బంతులు. నీలం, నలుపు ఒక జట్టు. ఎరుపు, పసుపు ఇంకో జట్టు. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కో దెబ్బ కొట్టాలి. ఏ బంతి ముందు గుమ్మం దాటితే ఆ జట్టుకి పాయింటు. అందరూ తర్వాతి గుమ్మానికి కదలాలి. ముందుగా ఏడు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. చెరో ఆరూ అయితే పదమూడో గుమ్మం తేల్చేస్తుంది. గుమ్మానికీ బంతికీ మధ్య సందు మాత్రం వెంట్రుకవాసి.

కత్తెరక్క మొదటి దెబ్బకి గడ్డి లేచింది, బంతి లేవలేదు. రెండో దెబ్బకి బంతి పక్కవాళ్ల ఆటలోకి పోయింది. మూడోసారి ఆవిడ వంతు వచ్చేసరికి మాస్టారి నీలం బంతి గుమ్మం ముందు దర్జాగా కూర్చుని ఉంది.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నువ్వు దూర్చలేవనుకుంటే నా బంతిని కొట్టెయ్యొచ్చు."

"కొట్టెయ్యొచ్చా? ఎంత దూరం?"

"నీ ఇష్టం. దానికి హద్దు లేదు."

కత్తెరక్క సుత్తి ఊపింది. ఠక్ మని తగిలింది. నీలం బంతి పచ్చిక దాటి, బాట దాటి పొదల్లోకి పోయింది. ఆ చప్పుడు అరచేతుల్లోంచి భుజాల దాకా పాకింది. మాస్టారు టోపీ ఎత్తి, "చాలా బాగుందమ్మా" అని మర్యాదగా చెప్పి, తన బంతి వెతుక్కోవడానికి పొదల్లోకి వంగాడు.

అంతే, కత్తెరక్క ఆ ఆట మాయలో పడిపోయింది. ఇన్నేళ్లుగా ఎదుటివాళ్లు ఏమన్నా "అలాగేనండి" అంటూ బతికిన మనిషి. అదే మర్యాదతో, అదే చిరునవ్వుతో, ఎదుటివాడి కష్టాన్నంతా ఒక్క దెబ్బతో పొదలపాలు చెయ్యొచ్చా? పైగా వాళ్లే బాగుందంటారా? ఇలాంటి చోటు ఒకటి తన కిటికీ వెనకే ఉండగా తనకింతకాలం తెలియకపోవడం ఏమిటి?

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుని మొగుడికి ఒక్కో దెబ్బా వర్ణించి చెప్పింది. ఆయన సగం విన్నాడు. రాత్రి కళ్లు మూసుకుంటే బంతులే దొర్లాయి.

మంగళవారం చాలక శుక్రవారం సాయంత్రాలు కూడా షట్టరు పెందరాళే దిగడం మొదలైంది. ఖాళీ దొరికితే సెలూన్‌లోనే చీపురు తిరగేసి పట్టుకుని, టెన్నిస్ బంతిని కుర్చీ కాళ్ల మధ్యకి గురిపెట్టేది. జుట్టుకి రంగు వేయించుకుని కూర్చున్నవాళ్లు పాదాలు పైకెత్తి దారిచ్చేవాళ్లు. తోటలో ఆవిడకి ఇంకో సంగతి అర్థమైంది. అక్కడ కాలి బలం కన్నా కంటి బలం పెద్దది. మందుల షాపు నడిపే పాతికేళ్ల అమ్మాయీ, ఎనభై దాటిన మాస్టారూ సమానంగా ఆడతారు. వంతు వచ్చేదాకా బల్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. మాట్లాడుతూ ఆడే ఆట ఒకటి ఉందంటే, అది తనకోసమే పుట్టి ఉంటుందని కత్తెరక్క నమ్మకం.

ఇంట్లో మాత్రం వేరే ఆట నడుస్తోంది. మొగుడి అక్కగారు సిటీ బస్సు నడిపి నడిపి రిటైరై, కొన్నాళ్లుంటానని వచ్చి ముందుగదిలో స్థిరపడింది. అందరూ డ్రైవరమ్మ అంటారు. వదినకీ మరదలికీ ఎడ్డెమంటే తెడ్డెం. కిటికీ ఒకరు తెరిస్తే ఒకరు మూస్తారు. దానికి తోడు, ఎప్పుడో కత్తెరక్క కొత్తలో చేసిన క్రాపు చూసుకుని డ్రైవరమ్మ "పిచ్చుక గూడులా ఉంది" అంది. అప్పట్నుంచీ మరదలి సెలూన్ దాటుకుని వెళ్లి, రెండు వీధుల అవతల కత్తిరించుకుని వచ్చేది. కత్తెరక్క అద్దాల తలుపులోంచి అది చూస్తూ నోరు మూసుకునేది. ఆవిడ నోరు మూసుకునే సందర్భం అదొక్కటే.

ఇంతలో తోటలో జంటల పోటీ పెట్టారు. కత్తెరక్క జోడీ ఆ నడుం పట్టేసినాయనే. పోటీకి ముందు ఆయనకి మళ్లీ పట్టేసింది. కత్తెరక్క ఇల్లంతా తిరుగుతూ గోల పెట్టింది. తలుపు తీసినవాళ్లకీ వేసినవాళ్లకీ ఇదే కథ. విని విని మొగుడు పేపరు దించాడు.

"అక్క ఉందిగా" అన్నాడు.

కత్తెరక్క వంటింట్లోంచి ముందుగది వైపు తొంగి చూసింది.

"నేనా? చిన్నపిల్లల గోళీలాట నేనాడతానా?" అంది డ్రైవరమ్మ గదిలోంచే. కానీ మర్నాడు సాయంత్రం చెప్పులేసుకుని ముందే గుమ్మంలో నిలబడింది. "ఊరికే చూద్దామని" అంది.

పచ్చికలో ఆవిడ బంతిని చూసింది, గుమ్మాన్ని చూసింది, ఒక కన్ను మూసింది. సుత్తిని రెండుసార్లు గాల్లో ఊపి కొట్టింది. పసుపు బంతి కమ్మీకి తగలకుండా అవతలికి వెళ్లిపోయింది.

మాస్టారు టోపీ తీశాడు.

"చెత్తబుట్టకీ, కూరలబండికీ మధ్య బస్సు తిప్పినదాన్ని" అంది డ్రైవరమ్మ. "ఇదెంత."

కత్తెరక్కకి ఒక పక్క కడుపు మండింది, ఇంకో పక్క కాలు నిలవలేదు. ఇన్ని వారాలుగా తను చెమటోడ్చి నేర్చుకున్నది ఈవిడ మొదటి దెబ్బకే చేసేసిందే. కానీ ఇలాంటి జోడీ దొరికితే ఎవరినైనా ఓడించవచ్చే.

అప్పట్నుంచీ ఇద్దరూ రోజూ తోటకి వెళ్లారు. దెబ్బలాట మానలేదు, దాన్ని ఇంట్లోంచి పచ్చిక మీదికి మార్చారంతే. కత్తెరక్కకి దూరంగా ఉన్న బంతుల్ని తరిమెయ్యడం ఇష్టం. డ్రైవరమ్మకి నిదానంగా గుమ్మం ముందు బంతిని నిలపడం ఇష్టం.

"ఈ సుత్తి ఎడమకి లాగుతోంది వదినా."

"ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. మోచెయ్యి దగ్గరగా పెట్టుకో."

పోటీకి ముందురోజు మధ్యాహ్నం సెలూన్ తలుపు తోసుకుని డ్రైవరమ్మ వచ్చింది. ఖాళీ కుర్చీలో కూర్చుంది. అద్దంలోకి చూడకుండా, గోడమీది కేలెండర్ చూస్తూ మాట్లాడింది.

"జుట్టు కళ్లలో పడుతోంది. గురి కుదరట్లేదు. కాస్త తగ్గించు."

కత్తెరక్క గుడ్డ కప్పింది. దువ్వెనా, కత్తెరా అందుకుంది. కత్తిరించినంతసేపూ ఇద్దరూ గుమ్మాల గురించే మాట్లాడుకున్నారు. అయిపోయాక డ్రైవరమ్మ తల అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇప్పుడు కనిపిస్తోంది" అంది. అంతకు మించి మెచ్చుకోలు ఆవిడ దగ్గర లేదు. కత్తెరక్క కూడా ఎదురుచూడలేదు.

పోటీ ఆదివారం. సెలూన్‌కి బేరాలు ఎక్కువగా ఉండే రోజు. అయినా షట్టరు మీద "ఈ రోజు సెలవు" అన్న అట్ట వేలాడింది. పచ్చిక చుట్టూ కుర్చీలు వేశారు. రంగులు వేయించుకునేవాళ్లూ, క్రాపులు చేయించుకునేవాళ్లూ సగంమంది అక్కడే కూర్చున్నారు. వదినా మరదళ్లు మొదటి ఆట గెలిచారు, రెండోదీ గెలిచారు. చివరి ఆటలో ఎదురుగా నిలబడింది మాస్టారూ, మందుల షాపు అమ్మాయీ.

ఆ ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక గుమ్మం వీళ్లు గెలిస్తే ఒకటి వాళ్లు గెలిచారు. కత్తెరక్క మూడుసార్లు మాస్టారి బంతిని బాట దాటించింది. మందుల షాపు అమ్మాయి ఎక్కడో మూలనుంచి కొట్టి గుమ్మం దూర్చి, నాలిక కరుచుకుని, "సారీ ఆంటీ" అంది. చెరో ఆరు అయ్యాయి. కబుర్లు ఆగిపోయాయి. ఎవరో టీకప్పు కింద పెడితే ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

పదమూడో గుమ్మం. మాస్టారు నీలాన్ని నెమ్మదిగా గుమ్మం పక్కకి చేర్చాడు. దాన్ని తరిమేద్దామని కత్తెరక్క ఎర్రబంతిని కొట్టింది. గురి తప్పింది. ఎరుపు గుమ్మానికి ఎదురుగా కొంచెం వెనకే ఆగిపోయింది. మందుల షాపు అమ్మాయి నలుపుతో నేరుగా గుమ్మానికే గురిపెట్టింది. బంతి కమ్మీకి తగిలి వెనక్కి ఎగిరింది. చుట్టూ అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

డ్రైవరమ్మ పసుపు దూరంగా ఉంది. దగ్గరికి తెచ్చి నిలుపుతుందని అందరూ అనుకున్నారు, కత్తెరక్క కూడా. ఆవిడ మాత్రం ఒక కన్ను మూసి గట్టిగా కొట్టింది. పసుపు దొర్లుకుంటూ వచ్చి గుమ్మంలో దూరింది, కమ్మీని రాసుకుంది, వణికి సరిగ్గా మధ్యలో ఇరుక్కుపోయింది. అటూ కాలేదు, ఇటూ కాలేదు.

ఇప్పుడు మాస్టారి వంతు. పసుపుని కొడితే అది గుమ్మం దాటి, పాయింటు వీళ్లకే వస్తుంది. వదిలేస్తే వెనక ఉన్న ఎరుపుతో కత్తెరక్క తోసేస్తుంది. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. తర్వాత నీలాన్ని ఈకలా తాకించి, సరిగ్గా పసుపు వీపుకి ఆనించి పెట్టాడు. ఎరుపుకీ పసుపుకీ మధ్య నీలం గోడలా నిలబడింది. చప్పట్లు మోగాయి. కత్తెరక్క కూడా చప్పట్లు కొట్టి, అప్పుడు భయపడింది.

"దారి మూసేశారు వదినా."

"మూసిందెక్కడే?" డ్రైవరమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ముందు బస్సు ఆగిపోయింది. దాని వెనక, బంపరుకి బంపరు ఆనించి ఇంకో బస్సు. నువ్వు వెనకదాన్ని గుద్దితే ఏది కదులుతుంది?"

కత్తెరక్క ఒక్క క్షణం చూసింది. "ముందుది."

"మరి గుద్దు. అలా జరక్కుండా బతుకంతా చూసుకున్నాను. ఇవాళ ఒక్కసారికి జరగనీ."

నవ్వొచ్చింది కత్తెరక్కకి. ఆ నవ్వుతో భుజాలు వదులయ్యాయి. మోచెయ్యి దగ్గరికి తెచ్చుకుంది. నీలం నడినెత్తిన ఒక చుక్క ఊహించుకుని, దాన్నే చూస్తూ కొట్టింది. ఠక్, టిక్. ఎరుపు ఆగిపోయింది, నీలం కొంచెం కదిలింది. పసుపు మాత్రం గుమ్మంలోంచి పంజరం తలుపు తీసినట్టు బయటికి దూకింది.

తర్వాత ఏం జరిగిందో కత్తెరక్కకి వరసగా గుర్తులేదు. సుత్తి గడ్డిలో పారేసింది. వదిన ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. మందుల షాపు అమ్మాయి మళ్లీ "ఆంటీ, ఆంటీ" అంటూ వచ్చి వాటేసుకుంది. మాస్టారు వంగి తన నీలం బంతిని చూసుకుని, "నా గోడతోనే నా ఇల్లు కూల్చారు కదమ్మా" అని పకపకా నవ్వాడు.

ఇంటికి నడిచి వెళ్లడానికి ఎప్పుడూ పట్టే సమయానికి రెట్టింపు పట్టింది. డ్రైవరమ్మ గొడుగు తిరగేసి పట్టుకుని, వీధి మధ్యలో ఆగి ఒక్కో దెబ్బా మళ్లీ చూపించింది. తొమ్మిదో గుమ్మం దగ్గర మరదలు తొందరపడిందని ఈవిడ, వదినే నిద్రపోయిందని ఆవిడ, కూరగాయల దుకాణం ముందు నిలబడి వాదించుకున్నారు. దుకాణదారు ఎవరు గెలిచారని అడిగాడు. ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు.

ఇంట్లో మొగుడు అన్నం వడ్డించుకుని సగం తినేశాడు. వీళ్లిద్దరూ చేతులు కూడా కడుక్కోకుండా బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, ఉప్పుడబ్బానీ, రెండు గ్లాసుల్నీ లాగి పదమూడో గుమ్మం కట్టారు.

"ఇదిగో, ఇది నీలం. ఇక్కడ ఉంది" అంది కత్తెరక్క.

"ఇక్కడ కాదు, అక్కడ" అని వదిన గ్లాసు జరిపింది.

ఆయన కంచం కాస్త పక్కకి జరుపుకుని, మొదట్నుంచీ చెప్పమన్నాడు.