తువ్వాల కింద మూడు వేళ్లు

మీరు తినే పల్లీలకు మొదటి ధర ఎవరు పెట్టారో ఎప్పుడైనా అడిగారా? నేను అడిగి నవ్వులపాలయ్యాను. ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లోకం తర్కంతో మారుతుందన్నది ఒకటి, ఆ తర్కం ముఖ్యంగా నా దగ్గరే ఉందన్నది రెండోది. కాలేజీ చర్చల్లో దేవుణ్ణి, జాతకాల్ని, శకునాల్ని ఒకే సాయంత్రం ఓడించి, ఇంటికొచ్చి నిమ్మళంగా అన్నం తినేదాన్ని. (ఓడినవాళ్లెవరూ జవాబు చెప్పడానికి వేదికెక్కేవాళ్లు కాదు లెండి.)

ఆ ఏడు మా మేనత్త ఖిల్లా ఘణపూర్ దగ్గర చేను కౌలుకు పట్టి పల్లికాయ వేసింది. మంచి ధర వస్తేనే మరుసటి ఏడు ఆ చేను ఆమెకు దక్కుతుంది, లేకపోతే కూలికి పోవాలి. పంటను గంజ్‌కు, అంటే టోకు బజారుకు, తోలుకెళ్లే ఆమె మరిదికి జ్వరం రావడంతో నేను తోడు వెళ్లాను. ఆ గంజ్ ఏ ఊరిదో చెప్పను. చెబితే గద్వాల వాళ్లూ వనపర్తి వాళ్లూ మాదంటే మాదని, లేదా మాది కాదంటే మాది కాదని తగువు పడతారు. రాతి కమానులు, సున్నపు గోడలు, ఎత్తైన అరుగులు, ప్రతి కమాను కిందా పల్లికాయ కుప్పలు. వాటి మధ్య మగవాళ్లు ఇద్దరిద్దరు ఒకే తువ్వాల కింద చేతులు దాచుకుని, ఎటో చూస్తూ నిలబడ్డారు. బేరమంటే అదే. పట్టుకున్న ఒక్కో వేలు క్వింటాలుకు ఒక్కో వంద. పక్కవాడికి ధర తెలియకూడదు గనక ఎవరూ నోరు విప్పరు.

మా కుప్ప దగ్గరికి వచ్చిన వ్యాపారిని అందరూ అత్తరు సేటు అనేవాళ్లు. ఆయన రాకముందే వాసన వచ్చేది. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని, మీ మగవాళ్లను పిలవమన్నాడు. ఆడవాళ్ల చెయ్యి పట్టడం మర్యాద కాదట. అత్త మంచినీళ్లకు వెళ్లింది. ఇంకేం, అరుగెక్కాను. రాజ్యాంగంతో మొదలుపెట్టి, అసలీ ధర పెట్టేదెవరు అనేదాకా ఎక్కడెక్కడికో వెళ్లాను. హమాలీలు మూటలు దించి మరీ విన్నారు, విని నవ్వారు. చివరికి, నాకు మాత్రం వేళ్లు లేవా అని చెయ్యి చాపాను.

నలుగురిలో ఇరుక్కుపోయిన సేటు, "గంత లొల్లి ఎందుకు బిడ్డా, వట్టు" అంటూ తువ్వాల కప్పాడు. లోపల నా మూడు వేళ్లు పట్టుకుని కనుబొమ్మ ఎగరేశాడు. మూడు వందలు మంచి ధరో కాదో నాకు తెలియదు. అంత ఉపన్యాసం ఇచ్చాక అడగడానికి నామోషీ. సరేనని తల ఊపబోతుంటే అత్త చెంబుతో వచ్చింది. ఆమెకు కనిపించింది బేరం కాదు, పరాయి మగవాడి తువ్వాల కింద మేనకోడలి చెయ్యి.

"గిదేంది సేటూ, పెండ్లిగాని పిల్ల చెయ్యి వట్టినవ్" అంటూ తువ్వాల లాగేసింది.

ఆ గంజ్‌లో ఎవరూ చూడనిది ఆ పూట అందరూ చూశారు. బిత్తరపోయిన సేటు నా మూడు వేళ్లు వదలడం మరిచిపోయాడు. పక్క కుప్ప రాజోలి రైతుది. ఆయన మెడ సాచి చూసి, "ఏంది సేటూ, జరసేపటి కింద నాకు నాలుగు వడ్తివి. గా కాయకు గీ కాయకు ఏం ఫరక్?" అన్నాడు. నీ కాయ వేరు అని సేటు నసిగాడు. రైతు రెండు కుప్పల్లోంచి చెరో పిడికెడు తీసి అరుగు మీద పోశాడు. ఏది ఎవరిదో సేటే చెప్పలేకపోయాడు. ఈలోగా ఇంకో వ్యాపారి తువ్వాల ఊసు లేకుండా, నోటితోనే, నాలుగు వందల పైన పలికాడు. మరుసటి ఏడు ఆ చేను అత్తే దున్నించింది.

నా ఉపన్యాసం చేయలేనిది ఆమె చాదస్తం చేసింది. బస్సులో నేను సమానత్వం ఎత్తుకోబోతే ఆపేసింది. "గవన్నీ నాకు తెల్వవు. ఇంటికి వోయినంక ముందుగాల సబ్బువెట్టి చెయ్యి కడుక్కో. అత్తరు వాసన మీ నాయన పసిగడ్తడు."

ఇప్పుడా కమానుల కింద మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు. బేరం ఊరవతలి యార్డుకు, అక్కడి నుంచి ఫోన్లోకి పోయింది. మొన్న ఆ యార్డులో ఒక రైతమ్మ ఫోను చూపించి, "గీ ధర ఎవలు వెట్టిండ్రమ్మా?" అని అడిగింది. జుట్టు నెరిసినా నా కాళ్లు అరుగు కోసం వెతికాయి. నాలో నేనే నవ్వుకున్నాను. ఈసారి ఉపన్యాసం జోలికి పోకుండా ఆమెతో ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి, పక్క కుప్పలకు ఎంతెంత పలికిందో పైకి చదవమని లోపలి గుమాస్తాలను అడిగాను. గొణుక్కుంటూనే చదివారు. నా మాటే వింటూ కూర్చోకండి. మీ ఊరి యార్డుకు వెళ్లండి. ధరలన్నీ పైకి చదవమనండి. చదివేదాకా ఆ కిటికీ వదలకండి.